ఒక్కరోజు సైకిల్ పందెంలో గెలుపు అంచనా: సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ దారిలో ఒక లెక్క

2021 జూలై 25న టోక్యో ఒలింపిక్స్ మహిళల రోడ్ సైకిల్ పందెం 137 కిలోమీటర్లు సాగి ఫుజి స్పీడ్‌వేలో ముగిసింది. పందానికి ముందు అందరి చూపూ నెదర్లాండ్స్ జట్టు మీదే. అన్నెమీక్ వాన్ వ్లూటెన్, అన్నా వాన్ డెర్ బ్రెగన్, మరియానే వోస్, డెమీ వోలరింగ్. ఈ నలుగురిలో ఎవరు గెలిచినా ఎవరూ ఆశ్చర్యపోయేవారు కాదు. గెలిచింది మాత్రం ఆస్ట్రియాకు చెందిన అన్నా కీసెన్‌హోఫర్. ఆమె గణితంలో డాక్టరేట్ పొందిన పరిశోధకురాలు. అప్పటికి ఏ వృత్తి జట్టుతోనూ ఆమెకు ఒప్పందం లేదు. జెండా ఊపిన వెంటనే మరి కొందరితో కలిసి ముందుకు వెళ్లిపోయి, చివరి 41 కిలోమీటర్లు ఒంటరిగా తొక్కి, 75 సెకన్ల తేడాతో గీత దాటింది. ఆ వెనక వచ్చిన వాన్ వ్లూటెన్ తానే గెలిచాననుకుని చేతులు పైకెత్తింది. ఒలింపిక్స్‌లో రైడర్ల చెవికి రేడియో ఉండదు. ముందు ఇంకొకరు ఉన్న సంగతి ఆమెకు చేరలేదు.

ఈ ఫలితాన్ని అదృష్టం ఖాతాలో వేసి ఊరుకోవడం నాకు సమ్మతం కాదు. ఒక్కరోజు పందెంలో అందరికంటే బలవంతులెవరో తెలిసినంత మాత్రాన గెలిచేదెవరో తెలియదు. ఒకరి బలాన్ని గాలి పదిమందికి పంచిపెడుతుంది. అందుచేత అంచనా కట్టేవారు రైడర్ల కాళ్లకంటే ముందు మూడు సంగతులు చూడాలి: దారి ఏ దిక్కుకు తిరుగుతోంది, ఆ పూట గాలి ఎటునుంచి వీస్తోంది, ముందుపోయినవారిని తరమవలసిన అవసరం ఎవరికుంది. ఈ మూడూ లెక్కకు అందేవే. వాటిని మన నేల మీదే, సూర్యాపేట, కోదాడ, హుజూర్‌నగర్, మిర్యాలగూడ చుట్టివచ్చే దారి మీద వేసి చూపడం ఈ వ్యాసం పని.

ముందు గాలి సంగతి. సమతలమైన రోడ్డు మీద సైకిల్ తొక్కేవాడు ఖర్చుపెట్టే శక్తిలో అత్యధిక భాగం గాలిని చీల్చడానికే పోతుంది. గాలి నిరోధం వేగపు వర్గంతో పెరుగుతుంది. దాన్ని అధిగమించడానికి క్షణక్షణం వెచ్చించవలసిన శక్తి వేగపు ఘనంతో పెరుగుతుంది. రేసు సైకిల్ మీద వంగి కూర్చున్న మనిషి నిశ్చలమైన గాలిలో గంటకు 40 కిలోమీటర్ల వేగంతో పోవాలంటే గాలికే సుమారు 250 వాట్లు చెల్లించాలి. 45కు పెంచితే అది 360 వాట్లకు చేరుతుంది. వేగం ఎనిమిదో వంతు పెరిగితే ఖర్చు నలభై శాతానికి పైగా పెరిగింది. అందుకే బలంలో రెండు మూడు శాతం తేడా ఉన్న ఇద్దరు రైడర్లు చదును రోడ్డు మీద ఒకరినొకరు త్వరగా విడిచిపోలేరు.

ఆ మీదట ఒకరి వెనక ఒకరు నక్కి పోవడం ఉంది. ముందు పోయేవాడు చీల్చిన గాలి వెనకవాడికి తేలిక. ఒక్క మనిషి వెనక ఉన్నా నిరోధం మూడో వంతు దాకా తగ్గుతుంది. వంద మందికి పైగా ఉండే ప్రధాన గుంపు, అంటే పెలోటన్, నడుమ ఎంత తగ్గుతుందో 2018లో బెర్ట్ బ్లోకెన్ బృందం లెక్కతేల్చింది. అప్పట్లో ఐండ్‌హోవెన్ సాంకేతిక విశ్వవిద్యాలయంలో పనిచేస్తున్న ఆయన 121 మంది రైడర్ల నమూనాను గాలిసొరంగంలోనూ కంప్యూటర్లోనూ పరీక్షించారు. గుంపు లోపలి, వెనకటి వరసల్లో ఉన్నవారి మీద పడే నిరోధం ఒంటరి రైడర్ మీద పడేదానిలో 5 నుంచి 10 శాతమే అని తేలింది. గుంపు గంటకు 54 కిలోమీటర్లతో పోతుంటే, నడుమ ఉన్నవాడికి ఒంటరిగా 12, 15 కిలోమీటర్లతో పోతున్నంత తేలికన్నమాట. పరీక్షశాలలోని పద్ధతైన అమరిక, నిశ్చలమైన గాలి నిజమైన రోడ్డు మీద దొరకవు కనుక ఈ మేలు అంతటా ఇంతే ఉంటుందనలేం. అయినా దిశ స్పష్టం. అయిదు గంటల పందెంలో నాలుగున్నర గంటలు గుంపులో దాగి, చివరి రెండు వందల మీటర్లలో బయటికి దూకేవాడు, అంతసేపూ ముందు లాగినవాడి కంటే ఎంతో తాజాగా ఉంటాడు.

అయితే గాలి నేరుగా ముందు నుంచి వచ్చినప్పుడే ఈ ఆశ్రయం వెనక వరసలో ఉంటుంది. పక్కనుంచి వీస్తే ఆశ్రయం కూడా పక్కకు జరుగుతుంది. అదే మన దారిని ఆసక్తికరం చేసేది.

లెక్క కోసం ఒక పందెం ఊహిద్దాం. సూర్యాపేటలో మొదలై 65వ నంబరు జాతీయ రహదారి వెంట దురాజ్‌పల్లి పెద్దగట్టు పక్కగా కోదాడ. అక్కడ కుడికి తిరిగి 167వ నంబరు జాతీయ రహదారి మీద హుజూర్‌నగర్, నేరేడుచర్ల, మిర్యాలగూడ. మిర్యాలగూడ నుంచి ఉత్తరంగా మళ్లీ సూర్యాపేట. మొత్తం సుమారు 140 కిలోమీటర్లు, టోక్యో మహిళల పందెం అంత దూరమే. మూసీని రెండుసార్లు దాటాలి, ఒకసారి మిర్యాలగూడ చేరకముందు, మరోసారి అక్కడినుంచి తిరిగివచ్చేటప్పుడు. చెప్పుకోదగ్గ ఎత్తు ఎక్కడా లేదు. చివరి భాగం మాత్రం మూసీ పారే దిక్కుకు ఎదురు కనుక కనబడని ఎక్కుడు కొంత ఉంటుంది.

దిక్కులు గమనించండి. సూర్యాపేట నుంచి కోదాడ తూర్పు ఆగ్నేయంగా, కోదాడ నుంచి హుజూర్‌నగర్ నైరుతిగా, హుజూర్‌నగర్ నుంచి మిర్యాలగూడ దాదాపు నేరుగా పడమరకు, మిర్యాలగూడ నుంచి సూర్యాపేట ఉత్తరానికి.

ఇప్పుడు జూలై నెల తీసుకుందాం. ఆషాఢం గాలి ఈ ప్రాంతపు రైతుకు పరిచయమైనదే. నైరుతి రుతుపవనాల వేళ అది పడమర, నైరుతి దిక్కుల నుంచి రోజంతా ఒకే పట్టున వీస్తుంది. సూర్యాపేటలో బయలుదేరిన రైడర్లకు కోదాడ దాకా వీపు మీద గాలి. నాలుగు వరసల రహదారి, వెనకనుంచి తోపు, కనుక వేగం బాగా ఎక్కువ. కోదాడలో కుడికి తిరగగానే కథ మారుతుంది. అక్కడినుంచి మిర్యాలగూడ దాకా యాభై కిలోమీటర్లకు పైగా ఎదురుగాలి. గంటకు 15 కిలోమీటర్ల ఎదురుగాలిలో 30 కిలోమీటర్ల వేగం నిలబెట్టాలంటే నిశ్చలమైన గాలిలో 40కి అయ్యేంత ఖర్చవుతుంది. పొద్దున్నే ముందుకు పోయిన నలుగురైదుగురి బృందం ఇక్కడ నీరసిస్తుంది. వారికి వంతులవారీగా ముందు లాగడానికి ఉన్నది నాలుగైదు జతల కాళ్లు. గుంపుకు ఉన్నవి వంద. ఎదురుగాలి ఎప్పుడూ గుంపు పక్షమే.

మిర్యాలగూడ దాటి ఉత్తరానికి మలుపు తిరిగినప్పుడు గాలి ఎడమ పక్కకు, కొంచెం వెనక్కు మళ్లుతుంది. పందెం మలుపు కూడా అక్కడే. గంటకు 45 కిలోమీటర్లతో పోతున్న రైడర్‌కు ఎడమ వెనక నుంచి 25 కిలోమీటర్ల గాలి తగులుతోందనుకుందాం. దారి వెంట తోసేది అందులో పన్నెండున్నర, అడ్డంగా కొట్టేది సుమారు 22. తన సొంత వేగంతో కలిపి చూస్తే అతని ముఖానికి గాలి ఎడమవైపు 34 డిగ్రీల వాలున తగులుతుంది. కాబట్టి ఆశ్రయం దొరికేది సరిగ్గా వెనక కాదు, కుడి వెనక మూల. ముందువాడు ఎడమ అంచున, రెండోవాడు కొంచెం కుడికి, మూడోవాడు ఇంకొంచెం కుడికి, ఇలా ఏటవాలు వరస ఏర్పడుతుంది. రెండు వరసల రోడ్డు వెడల్పు ఏడు మీటర్లు. ఒక్కొక్కరూ అరమీటరుకు పైగా పక్కకు జరగాలి కనుక పది పన్నెండు మందితో రోడ్డు నిండిపోతుంది. పదమూడోవాడికి కుడి అంచు తప్ప చోటు లేదు. అక్కడ ముందువాడి వెనక చక్రానికి అంటుకుపోయినా గాలి నేరుగా అతని మీదే పడుతుంది. అతనికి మిగిలింది రెండే దారులు: శక్తికి మించి తొక్కి రాలిపోవడం, లేదా వెనక రెండో ఏటవాలు వరస కట్టడం. అలా ఒక్క గుంపు కొద్ది నిమిషాల్లో నాలుగు ముక్కలవుతుంది. ఒకసారి విడిపోయిన ముక్కలు మళ్లీ కలవడం కష్టం.

ఏ చోట ముక్కలవుతుందో కూడా ఊహించవచ్చు. మిర్యాలగూడ ఊరి చుట్టూ రైస్ మిల్లులు. వాటి పొడవైన ప్రహరీలు, గోదాములు గాలిని ఆపుతాయి. ఆ గోడలు అయిపోయి పొలాలు మొదలైన చోట గాలి ఒక్కసారిగా తగులుతుంది. నాగార్జునసాగర్ ఎడమ కాలువ కింద జూలైలో పొలాలు దమ్ము చేసి నీరు పెట్టి ఉంటాయి, లేదా నాట్లకు ఎదురుచూస్తూ ఖాళీగా ఉంటాయి. గాలిని అడ్డుకునే పైరు ఎత్తు లేదు. గట్ల మీది తాటిచెట్లు దూరదూరంగా నిలబడి ఉంటాయి. పైన కమ్మలే తప్ప రైడర్ తల ఎత్తులో అడ్డేమీ ఉండదు. గెలవాలనుకున్న జట్టు ఆ చివరి ప్రహరీ చేరకముందే తన మనుషులను గుంపు ముందుకు తెచ్చుకోవాలి. గాలి తగిలాక తెచ్చుకోవడం కుదరదు.

ఇదే పందెం వానాకాలం వరి కోతల తరువాత పెడితే మరొక సంగతి కలుస్తుంది. కోతల రోజుల్లో ఈ దారుల పక్కన రైతులు వడ్లు ఆరబోస్తారు. టార్పాలిన్లు, వాటి అంచున వరసగా పేర్చిన రాళ్లు, కుప్పలు నూర్పుకొచ్చిన ట్రాక్టర్లు. ఏడు మీటర్ల రోడ్డు ఒక్కోచోట నాలుగు మీటర్లవుతుంది. ఏటవాలు వరసలో పన్నెండు మందికి బదులు ఆరుగురికే చోటు. పందెం కోసం ఆ వడ్లు ఎత్తించడం న్యాయమూ కాదు, అవసరమూ కాదు. నిర్వాహకులు తేదీ మార్చుకోవాలి. కానీ అంచనా కట్టేవారు రోడ్డు వెడల్పును పటంలో చూసి సరిపెట్టుకోకూడదని చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ లేదు.

ఇలాంటి పందెం నిజంగా ఎలా నడుస్తుందో 2016 అక్టోబరు 16న ఖతర్ రాజధాని దోహాలో ప్రపంచం చూసింది. పురుషుల ప్రపంచ చాంపియన్‌షిప్ అది. చదునైన ఎడారి, మండే ఎండ, పక్కగాలి. దారిలో గుట్ట అన్నది లేదు కనుక పెద్ద గుంపు చివరిదాకా కలిసివచ్చి వేగగాళ్ల మధ్య తేలుతుందని చాలామంది అనుకున్నారు. జర్మనీకి మార్సెల్ కిట్టెల్, ఆండ్రే గ్రైపెల్ వంటి మహా వేగగాళ్లు ఉన్నారు. గమ్యం ఇంకా నూట డెబ్బై కిలోమీటర్లకు పైగా ఉండగానే, ఎడారిలో దారి గాలికి అడ్డంగా తిరిగిన చోట బెల్జియం జట్టు అంతా ఒక్కసారి ముందుకు వచ్చి వేగం పెంచింది. గుంపు పగిలింది. కిట్టెల్, గ్రైపెల్ వెనక ముక్కలో చిక్కుకుని ఇక తిరిగి కలవలేదు. ముందు ముక్కలోకి చిట్టచివరగా చేరగలిగిన వారిలో ఒకడైన స్లొవేకియా రైడర్ పీటర్ సగాన్ గెలిచాడు. మార్క్ కావెండిష్ రెండు, బెల్జియం రైడర్ టామ్ బూనెన్ మూడు. పందెం వేగగాళ్లదే అన్న అంచనా ఒక విధంగా నిలిచింది. ఏ వేగగాళ్లు అన్నది మాత్రం గాలి నిర్ణయించింది.

మూడో ప్రశ్న, తరమవలసిన అవసరం ఎవరిది అన్నది, భౌతికశాస్త్రం నుంచి మనుషుల మధ్యకు వస్తుంది. ముందుపోయిన బృందాన్ని పట్టుకోవడానికి ఒక జట్టు గుంపు ముందు లాగితే, దాని వెనక ఉన్న ప్రతి జట్టుకూ ఆ ఫలం ఉచితంగా దొరుకుతుంది. ఖర్చు ఒకరిది, లాభం అందరిది. అందరూ ఎదుటివాడు లాగాలని చూస్తారు. ఫేవరెట్ అని పేరుపడినవాడి జట్టుకు ఇది మరింత భారం. 2012 లండన్ ఒలింపిక్స్‌లో బ్రిటన్ జట్టు కావెండిష్ కోసం దాదాపు పందెమంతా ముందు లాగింది. ఒక్కో దేశానికి అయిదుగురికి మించి లేరు. ఇతర జట్లకు తమ మనుషులు ముందు బృందంలో ఉండడంతో తరిమే అవసరం కనబడలేదు. బృందం చిక్కలేదు, కజకిస్తాన్ రైడర్ అలెగ్జాండర్ వినోకురోవ్ గెలిచాడు. టోక్యోలో దీనికి సమాచార లోపం తోడైంది. వెనకబడిన ఇద్దరిని పట్టుకున్నాక ముందంతా ఖాళీ అని డచ్ రైడర్లు నమ్మారు. కీసెన్‌హోఫర్ లాంటి పేరులేని రైడర్‌కు ఈ ఆట నియమాలే బలం. ఆమెను ఎవరూ లెక్కలోకి తీసుకోరు కనుకనే ముందుకు పోనిస్తారు. అంటే ఒకరి గెలుపు అవకాశం మీద అందరి అంచనాలు ఆ అవకాశాన్నే మార్చేస్తాయి. వాన వస్తుందని మనం చెప్పినంత మాత్రాన మేఘం దారి మార్చుకోదు. సైకిల్ పందెంలో మార్చుకుంటుంది.

ఎత్తులున్న దారి అయితే ఈ లెక్కలన్నీ బలహీనపడతాయి. ఎక్కుడులో వేగం తగ్గుతుంది, గాలి పాత్ర తగ్గుతుంది, భూమ్యాకర్షణను ఎవరి కాళ్లు వారే మోయాలి. 2024లో జూరిచ్‌లో గమ్యానికి వంద కిలోమీటర్ల దూరంలో ముందుకు దూకిన తదేయ్ పోగచార్, 2025లో కిగాలీలో అంతకంటే ముందే దూకి, రెండుసార్లూ ప్రపంచ విజేత అయ్యాడు. రెండు దారులూ కొండలమయం. బలవంతుడే గెలుస్తాడన్న మాట అక్కడ నిజమవుతుంది.

సరే, గెలుపు అవకాశాన్ని అంకెల్లో చెప్పాలంటే ఎంత ఖచ్చితంగా చెప్పగలం? దీనికి జవాబు ఇచ్చిన శాస్త్రవేత్త చిన్ననాటి చదువులో కొంత ఇదే రహదారి మీద, కోదాడ దాటి వెళ్తే తగిలే నందిగామలో సాగింది. ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితం చదివి, కలకత్తాలోని భారత గణాంక సంస్థలో చేరిన కల్యంపూడి రాధాకృష్ణారావు పాతికేళ్ల వయసులో, 1945లో ప్రచురించిన వ్యాసంలో ఒక హద్దును నిరూపించారు. చేతిలో ఉన్న సమాచారం ఇంత అయితే, పక్షపాతం లేని ఏ అంచనా సూత్రమైనా ఇంతకంటే ఖచ్చితంగా ఉండజాలదు అన్నది దాని సారం. క్రేమర్-రావు హద్దు అని దాన్ని లోకమంతా బోధిస్తుంది. మన సందర్భంలో వేసి చూద్దాం. ఒక రైడర్ ఇలాంటి పందేలు పది తొక్కి మూడు గెలిచాడు. గెలుపు అవకాశం 30 శాతం అంటాం. ఆ హద్దు ప్రకారం ఈ అంకెలో ప్రామాణిక దోషం 14 శాతానికి పైనే. దాన్ని సగానికి తగ్గించాలంటే నలభై పందేలు కావాలి. ఒకే దారి మీద పెద్ద పందెం ఏడాదికి ఒక్కసారే జరుగుతుంది. నలభై ఏళ్లు ఏ రైడరూ తొక్కడు. రైడర్ పేరు పక్కన 31 శాతం, 27 శాతం అని రాసి పోల్చేవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలని నా కోరిక. పేరు మీద అంత సమాచారం లేదు. గాలి మీద ఉంది, దారి మీద ఉంది. అందుకే ముందు పందెం తీరును అంచనా కట్టి, ఆ తరువాతే మనిషిని వెతకాలి.

తీరు తెలిస్తే మనిషి రకం తెలుస్తుంది. పొడవైన, బరువైన రైడర్ చేయగల శక్తి అతని బరువుతో పాటు పెరిగినంతగా గాలికి ఎదురయ్యే వైశాల్యం పెరగదు. కనుక చదునులో, పక్కగాలిలో 75, 80 కిలోల మనిషికి మేలు. 55, 60 కిలోల కొండవీరుడు ఈ దారిలో నష్టపోతాడు. జూలైలో మథ్యూ వాన్ డెర్ పూల్, ఫిలిపో గన్నా వంటివారు కావాలి. పందెం గుంపుతోనే ముగిసే రోజైతే యాస్పర్ ఫిలిప్సెన్, టిమ్ మెర్లియర్ వంటి వేగగాళ్లు కావాలి. రోహిణి కార్తెలో పెడితే ఈ మాట తిరగబడుతుంది. తొక్కే శక్తిలో నాలుగో వంతుకు మించి చక్రానికి చేరదు, మిగతాది ఒంట్లో వేడి. 250 వాట్లు తొక్కేవాడు 750 వాట్లకు తక్కువ కాకుండా వేడి పుట్టిస్తాడు. బరువైన దేహానికి ఆ వేడిని వదిలించుకోవడం మరింత కష్టం. ఆ ఎండలో పందెం పెట్టడాన్ని నేను సమర్థించను.

పుష్యమాసం సంగతి వేరు. జనవరిలో గాలి ఈశాన్యం నుంచి, సాధారణంగా మెల్లగా వీస్తుంది. కోదాడ దాకా ఎడమ ముందు మూల నుంచి, ఆ తరువాత వెనక నుంచి, చివరి భాగంలో కుడి ముందు మూల నుంచి. గమ్యానికి ముందు ఎదురు మొగ్గు ఉన్న గాలి ఒంటరిగా దూకేవాడిని శిక్షిస్తుంది. గుంపు కలిసే వస్తుంది. 2026 జనవరిలో పుణె చుట్టుపక్కల అంతర్జాతీయ స్థాయి బహుదశల పందెం పుణె గ్రాండ్ టూర్ జరిగింది కనుక, మన దగ్గర జనవరి పందెం అన్నది గాలిలో కట్టిన మేడ కాదు.

నా అంచనా అంకెల్లో ఇది. జూలైలో, గాలి గంటకు 25 కిలోమీటర్లు ఉన్న రోజున, పదిహేను మందికి మించని ముక్క నుంచి విజేత రావడానికి 65 శాతం, పెద్ద గుంపు స్ప్రింట్‌కు 25, పొద్దున్నే పోయినవారు చివరిదాకా నిలవడానికి 10. జనవరిలో వరసగా 15, 75, 10. ఇలాంటి అంచనాను కొలవడానికి వాతావరణ శాస్త్రవేత్త గ్లెన్ బ్రయర్ 1950లో ఇచ్చిన పద్ధతి ఉంది. చెప్పిన అవకాశానికీ జరిగినదానికీ ఉన్న తేడాలను వర్గం చేసి కూడాలి. తక్కువ వస్తే మంచి అంచనా. జూలైలో చిన్న ముక్క గెలిస్తే నాకు పడేది 0.195. గుంపు స్ప్రింట్ అయితే 0.995, పొద్దుటి బృందం నిలిస్తే 1.295. ఏమీ ఆలోచించకుండా మూడింటికీ సమాన అవకాశం ఇచ్చినవారికి ఏది జరిగినా సుమారు 0.667. పందెం నాటి ఉదయం గాలి 12 కిలోమీటర్లకు పడిపోతే జూలై అంకెలను జనవరి అంకెల దగ్గరికి జరుపుతాను. గాలి నైరుతి నుంచి వాయవ్యానికి మళ్లితే చివరి భాగంలో అది ఎడమ ముందు మూల నుంచి తగులుతుంది. అప్పుడు వేగం తగ్గుతుంది, ముక్కలు మళ్లీ కలిసే అవకాశం పెరుగుతుంది, 65ను 45కు దించాలి.